ఆదితాళంలో ‘స్మోక్ ఆన్ ద వాటర్’

గిటార్ కొన్న కుర్రవాళ్లు మొదటి వారంలోనే వాయించేసి, ఆ తర్వాత తిరిగి చూడని పాట ఒకటుంది. డీప్ పర్పుల్ అనే ఇంగ్లండు బృందం 1972లో విడుదల చేసిన ‘స్మోక్ ఆన్ ద వాటర్’. పాట పేరు ఎప్పుడూ వినని వాళ్లు కూడా మొదట్లో వచ్చే ఆ గిటార్ వరసను వినే ఉంటారు. 2007లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో 1,700 మందికి పైగా గిటార్లు పట్టుకుని ఒకచోట చేరి, ఒకేసారి దీన్నే వాయించారు. అంతమందికి వచ్చిన పాట తేలికైనదే అయ్యుంటుందని లోకం తీర్మానించేసింది. గిటార్ నేర్పేవాళ్లు దీన్ని మొదటి పాఠంగా పెడతారు. గిటార్ల దుకాణాల్లో పనిచేసేవాళ్లు ఇది మొదలవగానే మొహం చిట్లిస్తారు. మా ఇంట్లోనూ ఆ తీర్మానమే జరిగింది. నేను ఒప్పుకోలేదు.

నేను గిటార్ మనిషిని కాను. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో వీణ నేర్చుకున్నాను, ఉద్యోగం వేరే. బైరాగిపట్టెడలో మా ఇంటి మేడమీది గదిలో ఉంటూ ఇంజనీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు గిటార్ కొనుక్కొచ్చాడు. ఫోనులో అంకెలు చూసి వాయించి, “వచ్చేసింది పిన్నీ” అన్నాడు. వింటే అదే పాటని తెలుస్తోంది. గుర్తుపట్టడానికి అంత చాలు. “నేను తాళం వేస్తాను, మళ్లీ వాయించు” అన్నాను. మొదటి మూడు స్వరాలూ సరిగ్గానే పడ్డాయి. రెండో ముక్కకు వచ్చేసరికి వాడి చెయ్యి ఒక దారి, నా తాళం ఒక దారి అయ్యాయి. “తాళం తప్పింది నువ్వే” అన్నాడు. అప్పటినుంచి మా ఇంట్లో ఈ పాట మీద చర్చ నడుస్తూనే ఉంది.

ఈ పాటను పసిపిల్లల పాఠం కింద కట్టేయడం వల్లే ఎక్కువమందికి అది సగమే వస్తోందని నా వాదన. మనం గీతం నేర్చుకున్నట్టు దీన్ని నేర్చుకోవాలి. ముందు నోటితో స్వరం, చేత్తో తాళం. అది కుదిరాక తీగ. సరళీవరసలు దాటినవాళ్లు ఎవరైనా దీనికి పనికొస్తారు, తిరుపతిలో అలాంటి వాళ్లకు కొదవ లేదు. అయినా గిటార్ చేతికి రాగానే, అంతకుముందు నేర్చుకున్నదంతా వేరే గదిలో వదిలేసి వచ్చినట్టు ప్రవర్తిస్తారు.

ముందు ఆ వరసలో ఏముందో చూద్దాం. పాట ‘జి’ శ్రుతిలో ఉంటుంది. మన లెక్కలో ఐదు శ్రుతి, ఆడవాళ్లు సాధారణంగా పాడుకునే శ్రుతి. గిటార్‌లో మూడో తీగను ఏమీ నొక్కకుండా మీటితే మోగేది ఆ ‘జి’. అంటే సరిగ్గా నా మధ్యస్థాయి షడ్జమం. దాని పక్కనున్న నాలుగో తీగ ‘డి’, మంద్ర పంచమం. గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ ఈ రెండు తీగలనూ కలిపి మీటుతాడు. పై తీగ మీద నడిచే వరసను స్వరాల్లో రాస్తే ఇంతే: స గ మ, స గ మి మ, స గ మ, గ స. ఇక్కడ గ అంటే సాధారణ గాంధారం, మ అంటే శుద్ధ మధ్యమం, మి అంటే ప్రతి మధ్యమం. కింది తీగ అదే దూరంలో, అదే ఫ్రెట్ (గిటార్ మెట్టు) మీద వెంట నడుస్తుంది. ఖాళీ తీగలు, మూడో ఫ్రెట్, ఐదు, ఆరు. మొత్తం పన్నెండు మీటులు.

వీణ తెలిసినవాళ్లు ఈపాటికి లేచి కూర్చుని ఉంటారు. షడ్జమానికి సారణి తీగ, దాని పక్కనే మంద్ర పంచమానికి పంచమ తీగ. గిటార్‌లో ఆ రెండు తీగల మధ్య ఎంత ఎడం ఉందో, వీణలో ఈ రెంటి మధ్యా అంతే. మెట్ల లెక్క కూడా అదే: మూడో మెట్టు మీద సాధారణ గాంధారం, ఐదో మెట్టు మీద శుద్ధ మధ్యమం, ఆరో మెట్టు మీద ప్రతి మధ్యమం. నేను వీణ ముందు కూర్చుని, చూపుడువేలును రెండు తీగలకూ అడ్డంగా పరిచి, మా వాడి ఫోనులోని అంకెలనే వాయించాను. ఒక్క అంకె కూడా మార్చాల్సిన పని పడలేదు. మా వాడు నోరు తెరిచాడు. తర్వాత తేరుకుని, “డిస్టార్షన్ లేదు కదా” అన్నాడు, యాంప్లిఫయర్ తెప్పించే గరగర గురించి. ఇద్దరం కలిసి వాయించడం మాత్రం కుదరలేదు. నా వీణ మూడు శ్రుతిలో ఉంది. సారణిని ఐదు దాకా బిగిస్తే తెగుతుంది, గిటార్‌ను మూడుకు దించితే తీగలు వదులై గిలగిల్లాడతాయి. కాబట్టి మా ఇంట్లో గిటార్ వాడిది, గొంతు, తాళం నావి. వేసవిలో అదీ ఒకందుకు మంచిదే. తిరుపతి ఎండలకు వీణ మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, గిటార్‌కు ఆ బాధ లేదు.

అంకెల సంగతికి వద్దాం. ఇంటర్నెట్‌లో దొరికే గిటార్ టాబ్‌లో ఆరు గీతలు ఉంటాయి, అవి ఆరు తీగలు. గీత మీద అంకె ఉంటుంది, అది ఫ్రెట్. ఏ తీగ మీద, ఎక్కడ నొక్కాలో ఇంతకన్నా సూటిగా చెప్పే లిపి లేదు. ఎప్పుడు నొక్కాలి, ఎంతసేపు ఉంచాలి, ఎప్పుడు ఆపాలి అన్నది మామూలు టాబ్‌లో ఉండదు. కొన్నిటిలో అంకెల మధ్య ఎడాన్ని బట్టి ఊహించుకోవాలి.

ఇలాంటి లిపితో తిరుపతి వాళ్లకు పాత పరిచయం ఉంది. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో దొరికిన తాళ్లపాకవారి రాగిరేకుల్లో కీర్తన పాఠం ఉంది, పైన రాగం పేరు ఉంది. ఆ పాట ఎలా నడవాలో చెప్పే స్వరలిపి కీర్తనలకు లేదు. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రాశాడని ప్రతీతి, 12 వేలకు పైగా మనకు మిగిలాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు పాఠాన్ని పరిష్కరించినా, అన్నమయ్య నోట అది ఏ కాలంలో, ఏ ఎత్తుగడతో పలికిందో రేకు చెప్పదు. రాళ్లపల్లివారు వందకు పైగా కీర్తనలకు కొత్తగా వరసలు కట్టాల్సి వచ్చింది. ఆయనకు వేరే దారి లేదు, అన్నమయ్య పాడగా విన్నవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఈ గిటార్ పాటకు అలాంటి ఇబ్బందే లేదు. రికార్డు ఉంది, ఎన్నిసార్లయినా వినొచ్చు. అసలు పాట చెవి దగ్గరే ఉండగా రేకును పట్టుకుని కూర్చోవడం ఏమిటని నా గొడవ.

వింటూ తాళం వేస్తే బయటపడేది ఇది. వరస మొత్తం ఆదితాళంలో రెండు ఆవర్తనాలు, అంటే ఎనిమిదేసి లెక్కల చుట్లు రెండు. మొదటి ఆవర్తనంలో ఒకటో లెక్కకు స, రెండుకు గ, మూడుకు మ. మ సాగుతుంది. నాలుగో లెక్క పడుతుంది, ఏ స్వరమూ మొదలవదు. నాలుగు దాటి సగంలో స. ఐదు మీద ఏమీ లేదు, ఐదున్నరకు గ. ఆరు మీద ఏమీ లేదు, ఆరున్నరకు మి, వెంటనే ఏడు మీద మ. ఆ మ ఎనిమిది దాకా సాగుతుంది. రెండో ఆవర్తనంలో మళ్లీ ఒకటి, రెండు, మూడు మీద స గ మ, నాలుగున్నరకు గ, ఐదున్నరకు స.

చేత్తో వేసి చూడండి. మొదటి ముక్క తాళం నెత్తిన కూర్చుంటుంది, రెండో ముక్క అర అక్షరం పక్కకు జరుగుతుంది. ప్రతి స్వరమూ రెండు లెక్కల నడుమ పడి, ఏడో లెక్క దగ్గర దెబ్బతో కలుస్తుంది. ప్రతి మధ్యమం శుద్ధ మధ్యమం మీదికి జారే చోటే తాళమూ పాటా తిరిగి ఒకటవుతాయి. ఈ వరసను వింటున్నప్పుడు తల ఊగేది అక్కడే. మా వాడు, వాడిలాంటి వేలమంది, ఏం చేస్తారంటే రెండో ముక్కను కూడా లెక్క మీదికే లాక్కొచ్చి కూర్చోబెడతారు. స్వరాలన్నీ సరిగ్గా ఉంటాయి. పాట చచ్చిపోతుంది.

టాబ్ చూసి నేర్చుకున్నవాడికి ఈ తేడా చెప్పినా వినపడదు, ఎందుకంటే వాడు వాయిస్తున్నప్పుడు లెక్క వేసే మనిషి ఎవరూ లేరు. మా వాడి వాదన ఏమిటంటే, “రాక్ సంగీతం లెక్కపెట్టి వాయించేది కాదు పిన్నీ, లోపలినుంచి రావాలి.” నిజమే, ఆ బృందంలో ఎవరూ వేళ్లు మడిచి లెక్కపెట్టలేదు. వాళ్లకు వెనక ఇయాన్ పేస్ డ్రమ్స్ ముందు కూర్చుని ఉన్నాడు. మేడమీద గదిలో ఒంటరిగా వాయించేవాడికి పేస్ ఎక్కడినుంచి వస్తాడు? వాడు తనలోనే ఒక డ్రమ్మరును పెట్టుకోవాలి. తాళం అందుకు.

తాళం వెయ్యడంలో వీణవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. చిటికెనవేలితో పక్కనున్న మూడు తాళపు తీగలను మీటుతూ, పాటతోపాటే తాళం వినిపించుకోవచ్చు. గిటార్ ఒళ్లో పెట్టుకున్నప్పుడు నా చిటికెనవేలు దానంతటదే ఆ తీగలకోసం వెతుక్కుంది. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. గిటార్‌వాళ్లకు కాలే దిక్కు. అందుకే నేను మా వాడికి పెట్టిన నియమం: గిటార్ పక్కన పెట్టు, తాళం వేస్తూ స్వరాలు పాడు; అది కుదిరాక, కాలితో తాళం వేస్తూ పాడు; అదీ కుదిరాక గిటార్ తీసుకో. వాడికి పాడటం సిగ్గు. “ఇంజనీరింగ్ కుర్రాడు సగమ సగమిమ అని పాడుతుంటే పక్కింటివాళ్లు ఏమనుకుంటారు” అన్నాడు. తెల్లవారకముందే సుప్రభాతం వినిపించే ఊళ్లో ఎవరేమనుకుంటారు! ఏ ఇంట్లోంచి ఏ స్వరం వినిపించినా ఇక్కడ ఎవరూ తలెత్తి చూడరు.

ఇక్కడ నా వాదనకే ఒక అడ్డంకి ఉంది, దాన్ని దాచలేను. లెక్క కుదిరినంత మాత్రాన ఆదితాళం ఈ పాటకు పూర్తిగా సరిపోదు. మన తాళంలో బరువు సమం మీద, అంటే ఆవర్తనం మొదటి లెక్క మీద ఉంటుంది. ఈ పాటలో, చాలా రాక్ పాటల్లాగే, స్నేర్ డ్రమ్ దెబ్బ రెండు, నాలుగు లెక్కల మీద పడుతుంది. ఆదితాళంలో రెండు అంటే చిటికెనవేలు, నాలుగు అంటే నడిమివేలు. ఆరు, ఎనిమిది అంటే చెయ్యి తిప్పే విసుర్లు. మన తాళంలో చప్పుడు చెయ్యని క్రియలు ఏవో, సరిగ్గా వాటి మీదే అక్కడ గట్టి దెబ్బలు. దీన్ని నేను పట్టించుకోకుండా తాళం వేసినన్నాళ్లూ మా వాడి వాయిద్యం భజన గోష్ఠిలా వినిపించింది. ఇప్పుడు రెండు, నాలుగు, ఆరు, ఎనిమిదికి చప్పట్లు కొడుతున్నాం. చేతికి మొదట ఎంత ఎదురీతగా ఉంటుందో, అలవాటయ్యాక అంత హుషారుగా ఉంటుంది. ఎవరైనా దీన్ని తాళంతో నేర్పాలనుకుంటే ఆదితాళంతో మొదలుపెట్టి, స్వరాలు కుదిరాక బరువును అటు మార్చాలి.

నెమ్మదిగా సాధన చెయ్యమని అందరూ చెబుతారు. ఈ పాటలో నెమ్మది కష్టాన్ని పెంచుతుంది. రికార్డులో నిమిషానికి 110 నుంచి 115 లెక్కల మధ్య నడుస్తుంది. దాన్ని సగానికి తగ్గించి వాయించండి. నాలుగో లెక్క దగ్గర ఖాళీ ఎంత పెద్దదవుతుందో చూడండి. చెయ్యి ఆ ఖాళీని భరించలేదు, తర్వాతి స్వరాన్ని లాక్కొస్తుంది. వేగంగా వాయించినప్పుడు కప్పుకుపోయిన తొందర అంతా ఇక్కడ బయటపడుతుంది. ఒకటో కాలంలో వర్ణం పాడించి గురువులు మనల్ని ఎందుకు ఏడిపించారో గిటార్ పట్టుకున్నాక నాకు ఇంకోసారి అర్థమైంది.

ఖాళీల సంగతి వచ్చింది కాబట్టి ఆపడం గురించి. స, గ రెండూ పొట్టిగా తెగాలి, మ సాగాలి. గ దగ్గర సమస్య లేదు; నొక్కిన వేలు కాస్త వదులు చేస్తే తీగ మూగబోతుంది. స ఖాళీ తీగ. వదులు చెయ్యడానికి అక్కడ వేలే లేదు. దాన్ని ఆపకపోతే మోగుతూనే ఉండి గాంధారం మీద పడుతుంది. మీటిన కుడిచేతి వేళ్లే తిరిగి తీగల మీద వాలాలి. బ్లాక్‌మోర్ పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) లేకుండా వేళ్లతోనే ఈ వరసను మీటడంలో నాకు కనిపించే సుఖం ఇదే. రెండు తీగలూ ఒక్క క్షణంలో మోగుతాయి, మీటిన వేళ్లకే ఆపడమూ సులువు. పిక్‌తో గీస్తే ముందు ఒక తీగ, వెంటనే ఇంకోటి మోగుతాయి. తేడా చీమ తలకాయంత. వినేవాళ్లకు మాత్రం వరస అంచులు మొద్దుబారినట్టు తెలుస్తుంది. వీణ చేత్తో పిక్ పట్టుకోవడం ఎలాగూ నావల్ల కాలేదు, ఆ విషయంలో పెద్దల మద్దతు దొరికింది.

ఎడమచెయ్యి మాత్రం నన్ను ఆదుకోలేదు. వీణకు చూపుడువేలు, నడిమివేలు చాలు. ఆ రెంటి మీదే తీగ కోసిన గాట్లు ఉంటాయి. గిటార్‌లో మూడో ఫ్రెట్ మీద చూపుడువేలు పరిస్తే, ఐదో ఫ్రెట్ ఉంగరపువేలుకు వస్తుంది. వీణ నేర్చుకున్నన్నేళ్లూ నా ఉంగరపువేలు ఊరికే కూర్చుని తిన్నది. దానికి ఇప్పుడు పని పెడితే వణుకుతోంది.

వణుకు అన్నాను కాబట్టి గమకం గురించి కూడా చెప్పాలి. సాధారణ గాంధారం కనిపిస్తే వీణవాళ్ల చెయ్యి దాన్ని స్థిరంగా ఉండనివ్వదు, ఊపుతుంది, లాగుతుంది. ఈ పాటలో ఆ పని చేస్తే ఏమవుతుందో చేసి చూశాను. రెండు తీగలను ఒకే వేలితో లాగితే రెండూ ఒకేలా పెరగవు, వాటి మందం వేరు. మధ్యలో ఉన్న దూరం చెడి, రెండు స్వరాలూ కొట్టుకుంటాయి. ఈ వరసకు గమకం లేకపోవడం దాని లోపం కాదు, జంట తీగల కట్టడం దాన్ని సహించదు.

ఆ జంట ఎందుకు, ఒక్క తీగ చాలదా అని మా వాడు అడిగాడు. అక్కడే నాకు ఈ పాట మీద గౌరవం పెరిగింది. ‘డి’ తీగ సెకనుకు దాదాపు 146.8 సార్లు కంపిస్తుంది, ‘జి’ తీగ 196 సార్లు. మూడుకు నాలుగు నిష్పత్తి. ఈ రెండు స్వరాలనూ కలిపి, పొంగేటంత గట్టిగా యాంప్లిఫయర్ గుండా పంపితే, ఆ వక్రీకరణలో రెంటి తేడా కూడా ఒక స్వరంగా పుడుతుంది: సుమారు 49. అది రెండు స్థాయిలు కిందనున్న షడ్జమం. గిటారిస్టు వాయించని ఆధార షడ్జమాన్ని యంత్రమే వినిపిస్తుంది. తంబురా మంద్ర తీగలోంచి ఎవరూ మీటని అంతర గాంధారం దానంతటదే పలకడం మనం చిన్నప్పటినుంచి వింటున్నదే. అది పుట్టే తీరు వేరు, తీగలోనే ఉన్న ఐదో అనుస్వరం అది. చెవికి కలిగే ఆశ్చర్యం మాత్రం ఒకే జాతిది. రాక్ వాళ్లు గాంధారాలు నిండిన కార్డులను (ఒకేసారి మోగించే స్వరాల గుంపులను) గట్టి డిస్టార్షన్‌లో ఎందుకు తక్కువ వాడతారో కూడా ఇక్కడే తెలుస్తుంది. గిటార్ ఫ్రెట్లలో మధ్యమ పంచమాలు శుద్ధమైన చోటికి రెండు సెంట్ల దూరంలో ఉంటాయి. అంతర గాంధారం పధ్నాలుగు సెంట్ల దూరంలో ఉంటుంది. సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు. మామూలుగా వాయిస్తే చెవి క్షమించే ఆ తేడాను డిస్టార్షన్ పెద్దది చేసి రొద చేస్తుంది.

చాలామంది దీన్ని పవర్ కార్డులతో, అంటే స కింద, ప పైన పెట్టి వాయిస్తారు. అలా బరువుగా వినిపిస్తుంది, తప్పేమీ కాదని నేర్పేవాళ్లే అంటారు. నేను ఒప్పుకోను. అసలు వరసలో ప కింద ఉండి, పాడే స్వరం పైన ఉంటుంది. అందుకే అది పాటలా వినపడుతుంది. తలకిందులు చేస్తే కింద ఉన్న స మీద ప కూర్చుని దాని నోరు మూస్తుంది.

సంగీతం తెలిసిన పెద్దవాళ్లు ఇంటికి వస్తే అడిగే ప్రశ్న ఒకటే: “ఇది ఏ రాగమమ్మా?” 72 మేళకర్తల్లో (మూల రాగాల్లో) ఏదీ కాదు. మేళకర్త ఒక్కోటి ఒక్క మధ్యమాన్నే తీసుకుంటుంది. మొదటి 36 శుద్ధ మధ్యమంతో, తర్వాతి 36 ప్రతి మధ్యమంతో. ఇక్కడ రెండు మధ్యమాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఇది అమెరికాలోని నల్లవారి బ్లూస్ సంగీతంనుంచి వచ్చిన వాడుక, అక్కడినుంచి ఇంగ్లండు కుర్రాళ్లు నేర్చుకున్నది. రెండు మధ్యమాలు మనకు మరీ అంటరానివి కావు. సారంగలో, హమీర్ కల్యాణిలో ఉన్నాయి, హిందుస్తానీ లలిత్‌లో అచ్చంగా పక్కపక్కనే ఉన్నాయి. రాగం కాకపోతే సంగీతం కాదన్నట్టు మొహం పెట్టేవాళ్లకు నేను లలిత్ పేరు చెప్పి కాఫీ ఇస్తాను.

పాట పుట్టిన కథ అందరూ చెప్పేదే. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండులో జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న మాంత్రో పట్టణంలో, ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఒకరు ఫ్లేర్ తుపాకి పేల్చారు. కచేరీ జరుగుతున్న కాసినో కాలిపోయింది, పొగ సరస్సు మీద పరుచుకుంది. అక్కడే రికార్డింగు చేసుకోవాలని వచ్చిన డీప్ పర్పుల్ వాళ్లు రోడ్డున పడ్డారు. కథ బాగుంది. దాన్ని గిటార్ పాఠంలో చెప్పి, “ఆ మంటను ఊహించుకుంటూ వాయించు” అనడం మాత్రం నాకు నచ్చదు. వాళ్లు ఊళ్లోని మరో నాటకశాలలో, రోలింగ్ స్టోన్స్ బృందపు సంచార రికార్డింగ్ లారీ బయట నిలబెట్టుకుని ఈ వాయిద్యభాగాన్ని రికార్డు చేసేటప్పటికి పాటకు మాటలు లేవు, ఈ పేరూ లేదు. ఇంత చప్పుడేమిటని ఇరుగుపొరుగులు ఫిర్యాదు చేస్తే పోలీసులు వచ్చారు. మిగిలిన పని చలికాలానికి ఖాళీగా ఉన్న ఒక హోటలు వసారాల్లో, పరుపులు అడ్డంపెట్టుకుని పూర్తిచేశారు. మాటలు తర్వాత వచ్చాయి. కాబట్టి ఆ పన్నెండు మీటుల్లో పొగా లేదు, నిప్పూ లేదు. ఒక గదిలో ఐదుగురి చెవులు ఒకరి మీద ఒకరికి ఉన్నాయి, అంతే. వాళ్లు కూడా దీన్ని పెద్ద పాట అనుకోలేదు. ఆల్బం వచ్చినప్పుడు సింగిల్‌గా (విడి రికార్డుగా) వేరే పాటను ఎంచుకున్నారు. ఇది అమెరికాలో సింగిల్‌గా వచ్చింది 1973లో, బిల్‌బోర్డ్ పట్టికలో నాలుగో స్థానం దాకా వెళ్లింది.

ఐదుగురు అన్నది ముఖ్యం. మొదట గిటార్ ఒక్కటే మోగుతుంది. తర్వాత ఒక్కొక్కరే వచ్చి చేరతారు. హైహ్యాట్ (డ్రమ్స్‌లోని జంట పళ్లేలు), జాన్ లార్డ్ ఆర్గాన్, నిండు డ్రమ్స్, అందరికన్నా చివర రోజర్ గ్లోవర్ బేస్. లార్డ్ తన హామండ్ ఆర్గాన్‌ను గిటార్ యాంప్లిఫయర్ గుండా పంపి గరగర తెప్పించాడు, గిటార్ వరసనే తనూ వాయించాడు. ఇంట్లో గిటార్ రికార్డులో ఉన్నంత లావుగా ఎందుకు మోగడం లేదని దిగులుపడి కొత్త పెడళ్ల (గిటార్ ధ్వనిని మార్చే పెట్టెల) మీద డబ్బులు తగలేసేవాళ్లకు ఇది తెలిస్తే బాగుండును. వాళ్లు వింటున్నదాంట్లో సగం ఆర్గాన్.

నిజానికి చాలామంది రిఫ్ దగ్గరే, అంటే ఆ మొదటి గిటార్ వరస దగ్గరే ఆగిపోతారు. పాట మిగతా భాగం ఎవరికీ రాదు. చరణంలో గిటార్ ఎక్కువసేపు షడ్జమం మీదే కూర్చుని, మధ్యలో ఒకసారి కైశికి నిషాదానికి దిగి వస్తుంది. చేతికి పనేమీ లేదనిపిస్తుంది. గాయకుడు ఇయాన్ గిలన్‌కు చోటివ్వడమే అక్కడి పని. పల్లవి దగ్గర ‘సి’, ఆపైన ‘ఎ ఫ్లాట్’. మన లెక్కలో మధ్యమం, తర్వాత శుద్ధ రిషభం. రిఫ్‌లోగానీ చరణంలోగానీ లేని ఆ రిషభం పల్లవిలోనే మొదటిసారి వచ్చి, షడ్జమం మీదికి దిగుతుంది. దిగిన చోట మళ్లీ రిఫ్ మొదలవ్వాలి, సమం మీద, ఖాళీ తీగలతో. ఎ ఫ్లాట్ నుంచి చెయ్యి ఎత్తి తీగలన్నీ ఆపి, వెంటనే ఆ రెంటినే మీటాలి. మా వాడికి ప్రస్తుతం అక్కడ ఆలస్యమవుతోంది. రిషభం మోగుతుండగానే షడ్జమం వచ్చి పడుతోంది.

ఇంతలో వాడి కన్ను సోలో (గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే భాగం) మీద పడింది. వద్దనాలనే ఉంది, కానీ నా వాదనకు ఇక్కడ బలం తక్కువ. సోలోలో బ్లాక్‌మోర్ ఒక్కో తీగనే పట్టుకుని లాగుతాడు, ఊపుతాడు. రిఫ్‌లో నేను మూటగట్టి పక్కన పెట్టుకున్న గమకం అంతా అక్కడ పనికొస్తుంది. పోయిన ఆదివారం మా వాడు నిషాదం నుంచి షడ్జమానికి తీగ లాగుతుంటే శ్రుతి అందడం లేదు. గిటార్ ఇలా ఇవ్వమని తీసుకుని లాగి చూపించాను. “మళ్లీ ఒకసారి పిన్నీ” అని ఫోనులో రికార్డు చేసుకున్నాడు. పల్లవి తర్వాత రిఫ్ సమం మీద పడేదాకా సోలో ఊసెత్తకూడదని ఒప్పందం కుదిరింది. వాడు మేడమీద తలుపు వేసుకుని ఏం వాయిస్తున్నాడో కిందికి వినిపిస్తూనే ఉంది.